పన్నెండు గంటల గేజి: మా వారితో రాజమండ్రి ప్రయాణం

జనవరి ఆఖర్లో ఒక ఉదయం మా వారు వీధి గేటు దగ్గర నిలబడి, పాల ప్యాకెట్లు తీసుకుంటున్న నన్ను, "మీ ఇల్లెక్కడండీ?" అని అడిగారు. యాభై రెండేళ్ళ కాపురంలో ఆయన నన్ను "అండి" అనడం అదే మొదటిసారి. ఆ మర్యాదకి సంతోషించాలో, ఆ ప్రశ్నకి భయపడాలో తెలియక, "ఇదేనండి. లోపలికి రండి, కాఫీ ఇస్తాను" అన్నాను. వచ్చారు, తాగారు. గ్లాసు కింద పెట్టేసరికి మళ్ళీ మామూలు మనిషైపోయి, పంచదార తక్కువైందని విసుక్కున్నారు.

విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోన్లో అంతా విని, "పై వారం సెలవు పెట్టుకుని వస్తానమ్మా. నువ్వొక్కదానివీ బయల్దేరకు" అంది. రాజమండ్రి దానవాయిపేటలో మతిమరుపు చూసే డాక్టరుగారి దగ్గర ఆ బుధవారానికే టోకెన్ దొరికింది కాబట్టి ఆగలేదని రాస్తే సగం నిజమే అవుతుంది. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, అరవయ్యేసి మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టినదాన్ని, ఒక్క ముసలాయన్ని నలభై కిలోమీటర్లు తీసుకెళ్ళలేనా అనుకున్నాను. ఇది మిగతా సగం. మీరూ ఇంట్లో పెద్దవాళ్ళని ఇలా బస్సెక్కించే ఆలోచనలో ఉంటే, ముందు నా నిర్వాకం చదవండి.

నేను చేయని జాగ్రత్త లేదు. మందుల జాబితా, పాత రిపోర్టులు, మంచినీళ్ళు, మడత గొడుగు, ఒక జత బట్టలు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆయన పేరు, ఊరు, నా ఫోన్ నంబరు అట్ట మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నీలం చొక్కా జేబులో పిన్నీసుతో గుచ్చాను. ఏడు గంటలకి రామచంద్రపురం బస్టాండు పక్క హోటల్లో పెసరట్టు తిన్నాం. అల్లం పచ్చడి సగం నోట్లోకి, సగం చొక్కా మీదకి వెళ్ళింది. అక్కడే చేతులు కడిగించి, తెల్ల చొక్కా తొడిగి, మురికి చొక్కా సంచి అడుగున కుక్కేశాను. ఆరోజు జరగబోయేదానికి పునాది అదే. నాకేమో అప్పుడు నా ముందుచూపు మీద నాకే ముచ్చటేసింది.

మండపేట, ద్వారపూడి మీదుగా వెళ్ళే బస్సు ఏడున్నరకి బయల్దేరింది. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి నాకు సున్నా టికెట్టు, వృద్ధుల రాయితీ పోగా ఆయనకి యాభై దాకా అయింది. ఆధార్ కార్డు తప్పనిసరిగా పట్టుకెళ్ళండి. నా తెల్లజుట్టు చూసి కూడా కండక్టరు కార్డు అడిగాడు. "ఎందుకయ్యా, నేను మగాణ్ణేమోనని అనుమానమా?" అంటే, "రూలండి మామ్మగారూ. మా అమ్మనైనా అడగాల్సిందేనండి" అన్నాడు పాపం.

రెండో పంటకి దాళ్వా నాట్లు అయిపోయి చేలన్నీ పచ్చగా ఉన్నాయి. రోడ్డు పక్కన కాలువ కనబడ్డప్పుడల్లా మా వారు కిటికీలోంచి మెడ బయటికి చాచారు. ఆయన ఉద్యోగమంతా కాలువల మీదే గడిచింది. చివరి పదకొండేళ్ళు, తలుపులతో కాలువ నీళ్ళని ఆపి వదిలే ధవళేశ్వరం లాకుల దగ్గర. అక్కడ కాలువ గోడకి గీతలు గీసిన కొలబద్ద ఉంటుంది, దాన్ని గేజి అంటారు. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, పైవాళ్ళకి చెప్పాలి. మా అమ్మాయి పెళ్ళిరోజు కూడా పన్నెండింటికి వియ్యంకుణ్ణి పీటల దగ్గర వదిలేసి వెళ్ళొచ్చిన మనిషాయన. ఆ పగ నాకింకా చల్లారలేదు.

తొమ్మిది దాటాక రాజమండ్రిలో దిగి, ఆటోలో ఆసుపత్రికి చేరాం. మా టోకెన్ ఇరవై ఏడు. లోపల నడుస్తున్నది ఆరు. హాల్లో కుర్చీలు గట్టివి, ఫ్యాన్లు మెల్లనివి, ఎదురుగా గోడ మీద పళ్ళెమంత గడియారం. పదకొండున్నర నుంచీ మా వారు, "పన్నెండవుతోంది" అనడం మొదలెట్టారు. "అవనివ్వండి" అన్నాను. "పన్నెండవుతోందే, వెళ్ళాలి" అన్నారు. బాత్రూమ్‌కనుకుని తీసుకెళ్ళి, తీసుకొచ్చాను. మూడోసారి అన్నప్పుడు, క్లాసులో అల్లరి పిల్లాణ్ణి కసిరినట్టు, "నోరు మూసుకు కూర్చోండి" అన్నాను. పక్క కుర్చీవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆయన నోరు మూసుకుని కూర్చున్నారు.

ఫైలు మీద వయసు తప్పు పడిందని నర్సు పిలిస్తే కౌంటరు దగ్గరికి వెళ్ళాను. రెండు నిమిషాలు, పోనీ నాలుగు. తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

మొదట కోపమొచ్చింది. బాత్రూమ్‌లు, మెట్లు, మందుల షాపు, ఎదురుగా టీ బండి అన్నీ చూశాక ఆ కోపం ఎటు పోయిందో పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్‌ని పట్టుకున్నాను. "నీలం చొక్కా, బట్టతల, సన్నగా ఉంటారు" అన్నాను.

"నీలం చొక్కా ఎవరూ బయటికి పోలేదండి."

"సరిగ్గా చూశావా?"

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నానండి. పోనీ మీ నంబరు చెప్పండి. కనబడితే ఫోన్ చేస్తాను."

చెప్పబోయాను. తొమ్మిది, నాలుగు, నాలుగు, సున్నా, రెండు, ఎనిమిది... అక్కడ ఆగిపోయాను. పదంకెల్లో ఆరు. మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాను, మళ్ళీ ఆరు దగ్గరే ఆగాను. ముప్ఫై రెండో ఎక్కం నిద్రలో చెప్పగలను, నా సొంత నంబరు రావట్లేదు. ఫోన్లోనే చూపిద్దామని సంచిలో చెయ్యి పెడితే, ఫోన్ కన్నా ముందు నీలం చొక్కా తగిలింది. దాని జేబులో అట్ట ముక్క, దానికి నేను గుచ్చిన పిన్నీసు.

"తెల్ల చొక్కా బాబూ, తెల్ల చొక్కా!" అని అరిచాను.

"ఆయనాండి? ఇందాకే పోయారండి. టైమెంతయిందని అడిగారు. పావుతక్కువ పన్నెండన్నాను. 'లేటయిపోయింది' అని గబగబా పోయారండి."

అప్పుడు వెలిగింది నాకు. మూడుసార్లు చెప్పారాయన, మూడుసార్లూ నేనే వినలేదు. ఎదురుగా వచ్చిన ఆటోని ఆపి, "ధవళేశ్వరం లాకుల దగ్గరికి పోనివ్వు నాయనా" అన్నాను.

"రెండొందలవుద్దండి మామ్మగారూ."

"పోనివ్వు. నాది బేరమాడే మొహంలా ఉందా?"

"లేదండి, అందుకే అసలు రేటు చెప్పాను" అన్నాడతను బండి తిప్పుతూ. నలభై ఏళ్ళవాడు. సంగతి చెప్తే వేగం పెంచాడు. "కంగారు పడకండి. మా నాన్న కూడా అంతేనండి. చేలో నీళ్ళు కట్టాలని లేచి పోతుంటాడండి. చేను అమ్మేసి పన్నెండేళ్ళయింది."

"మరేం చేస్తారయ్యా?"

"మొదట్లో దెబ్బలాడేవోళ్ళమండి. ఇప్పుడు మా ఆవిడ రెండు చెంబుల నీళ్ళు పెరట్లో పోసొచ్చి, 'కట్టేశాను మావయ్యా' అంటదండి. పడుకుంటాడు."

గోదావరి కుడిపక్కన నిండుగా కనబడుతోంది. మామూలుగా అయితే దండం పెట్టుకుంటాను. ఆరోజు ఆ నీళ్ళ వైపు చూడటానికే ధైర్యం చాల్లేదు. లాకుల దగ్గర కాలువలోకి దిగే మెట్లు నాకు తెలుసు, ఆ మెట్ల మీది నాచు తెలుసు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, కాళ్ళకి హవాయి చెప్పులు. ఆరు కిలోమీటర్ల దారికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో మా అమ్మాయికి ఈ కబురు ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. నాలుగూ చెప్పగలిగినవి కావు.

పన్నెండుంపావుకి చేరాం. కాలువ గట్టు మీద, మెట్లకి పైన, ఒక చేపలామె బుట్ట పక్కన పెట్టుకుని చతికిలబడి ఉంది. ఆమె కుడిచేతిలో మా వారి రెక్క ఉంది. ఆయన పక్కనే, బడి పిల్లాడిలా ముడుచుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే, "వచ్చావా? పుస్తకమేది?" అన్నారు.

"మీ ఆయనాండి?" అంది చేపలామె. "ఆటో దిగి తిన్నగా మెట్లకాడికి వచ్చేశారండి. దిగొద్దని రెక్కట్టుకుంటే, 'డ్యూటీకి అడ్డొస్తావా' అని తిట్టారు. ఎన్ని తిట్లో!"

"మరెలా ఆపావమ్మా?"

"మీరు దిగొద్దు, నేను చూసి చెప్తానన్నానండి. నాకు అంకెలు రావు, గీతలు లెక్కెట్టాను. ఏడు గీతలు బయటున్నాయి, ఎనిమిదోదాన్ని నీళ్ళు తాకుతున్నాయి అన్నాను. అప్పుడు కూర్చున్నారండి."

"పై గీత పదమూడు. గీతకి అరడుగు" అన్నారు మా వారు. "తొమ్మిదిన్నర అడుగులు. రాయి."

మనసులో సరిచూశాను. తప్పు లేదు. సొంత గేటు ముందు నిలబడి ఇల్లెక్కడని అడిగిన మనిషి, తీసివేత తప్పకుండా చేశారు. నా దగ్గరున్న కాగితం డాక్టరుగారి ఫైలే. దాని వెనక "పన్నెండు గంటలు, తొమ్మిదిన్నర" అని రాశాను. పెన్ను లాక్కుని ఆయన సంతకం పెట్టారు. చేపలామె చేతిలో వంద పెట్టబోతే, "మీ ఆయన రెక్క పట్టుకున్నందుకు డబ్బులేంటండి, నవ్వుతారు" అని తిప్పి ఇచ్చేసింది. ఆవిడ దగ్గర అరకిలో రొయ్యలు కొన్నాను. మేం రొయ్యలు తినం. ఆటో అతనికిచ్చాను.

మళ్ళీ ఆసుపత్రికి చేరేసరికి మా టోకెన్ ఎప్పుడో దాటిపోయింది. నర్సు చివాట్లు పెట్టి, మూడున్నరకి లోపలికి పంపింది. డాక్టరుగారు ఇంకా కుర్రాయనే, ఓపికున్నవాడు. వందలోంచి ఏడు తీసేస్తే ఎంతండీ అని అడిగితే మా వారు పైకప్పు వైపు చూశారు. గడియారం బొమ్మ గీయమంటే గుండ్రంగా సున్నా చుట్టి, పైన పన్నెండు, కింద ఆరు, దాని పక్కనే ఇంకో ఆరు వేసి, పెన్ను పెట్టేశారు.

"మిగతా అంకెలండీ?"

"వాటితో నాకు పనిలేదండి" అన్నారు మా వారు.

డాక్టరుగారు నవ్వలేదు. ఫైలు వెనక రాతేమిటని అడిగితే జరిగింది చెప్పాను. మందులతో జబ్బు నెమ్మదిస్తుందేమో గానీ పోయింది తిరిగి రాదని, ఆ మూడు వేళల్లోనూ ఆయన్ని ఆపొద్దని, పక్కన మనిషి ఉండాలని చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "మీ పక్కన ఎవరుంటారమ్మా?" అని అడిగారు. నేను మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అయిదుంపావు బస్సులో తిరుగు ప్రయాణం. ద్వారపూడి దాటాక కాలువ కనబడగానే మా వారు సీటు పట్టుకుని లేచారు. "ఆరవుతోంది" అన్నారు. బస్సు తలుపు తెరిచే ఉంది. నా చెయ్యి దానంతటదే ఆయన చొక్కా అంచు పట్టుకుంది. పొద్దున్న అయితే కూర్చోమని కసిరేదాన్ని. "చూశానండీ. తొమ్మిదీ ముక్కాలు. రాశాను" అన్నాను.

"సంతకం?"

"పెట్టాను."

"ఊఁ" అని కూర్చుని, నా భుజం మీద తలవాల్చి నిద్రపోయారు. బతుకులో ఎన్నడూ కొలవని అంకె రాయని లెక్కల టీచరుని. ఆ తొమ్మిదీ ముక్కాలుకి నాకు ఏ సిగ్గూ వెయ్యలేదు. ఆయన లేవకుండా మెల్లగా ఫోన్ తీసి, మా అమ్మాయికి కలిపాను. "రావే. పై వారం దాకా ఆగకు. నాకు భయంగా ఉంది" అన్నాను. మా అమ్మాయి పుట్టి బుద్ధెరిగాక నా నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి.

పెద్దవాళ్ళని చూసుకోవడమంటే మందులూ, సంచులూ, అట్ట ముక్కలూ అనుకున్నాను నేను. ఆయన మూడుసార్లు చెప్పింది నాకు వినబడలేదు, ముక్కూమొహం తెలియని చేపలామెకి ఒక్కసారికే వినబడింది. ఇప్పుడు మా ఇంటి పక్క పిల్లకాలువ దగ్గరికి మూడు పూటలా వెళ్తున్నాం. అక్కడ గేజి లేదు. వంతెన గోడ మీద సుద్దముక్కతో నేనే గీతలు గీశాను. ఆయన చదువుతారు, నేను రాస్తాను. ఏ రోజు ఆయనకి గీతలు కూడా కనబడటం మానేస్తాయోనని ప్రతి పూటా భయపడుతూనే రాస్తాను.

ఇక బయల్దేరేవాళ్ళకి ఒక్క మాట. ఫోన్ నంబరు జేబులో పెట్టకండి, జేబు మారిపోతుంది. గుడ్డ ముక్క మీద చెరగని ఇంకుతో రాసి, ఆయనకున్న ప్రతి చొక్కా మెడపట్టీ లోపలా కుట్టండి. నేను పదకొండు చొక్కాలకి కుట్టాను. పన్నెండో ముక్క మీద మా అమ్మాయి నంబరు రాసి, బయటికి వెళ్ళేటప్పుడు వేసుకునే నా జాకెట్టు లోపల కుట్టుకున్నాను.