సైకిల్ షెడ్డులో వర్గ సమీకరణాలు

మా లెక్కల టీచరు గారు పోయారని మొన్న పొద్దున్న ముసునూరు నుంచి ఆవిడ మేనకోడలు ఫోన్ చేసింది. "నిద్రలోనే పోయిందండీ అత్తయ్య, ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా" అంది. ఫోన్ పెట్టేశాక ఏడుపు బదులు నవ్వొచ్చింది. బతికున్నన్నాళ్లూ ఆవిడ ఇబ్బంది పెట్టనిదెవర్ని!

అరవైల మొదట్లో నూజివీడు దగ్గర మా హైస్కూల్లో మగపిల్లలు ఆల్జీబ్రా ఎక్కువుండే కాంపోజిట్ లెక్కలకి, ఆడపిల్లలు తేలికపాటి జనరల్ లెక్కలకి వెళ్లేవారు. జనరల్‌తో కాలేజీలో లెక్కల గ్రూపు దొరకదు. మేం నలుగురు ఆడపిల్లలం కాంపోజిటే కావాలన్నాం.

"ఆడపిల్లలకి అంత ఆల్జీబ్రా ఎందుకండీ? గదీ లేదు, పీరియడూ లేదు" అన్నారు హెడ్మాస్టారు.

"సైకిల్ షెడ్డుకి కప్పుంది కదండీ. అన్నం టైము నాదే కదండీ" అన్నారు టీచరు గారు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు షెడ్డులోనే. ఒక చేతిలో పెరుగన్నం గిన్నె, ఇంకో చేతిలో పుల్ల. మట్టిలో చతురస్రం గీసేవారు.

"ఇదో మామిడి తోట. ఒక్కో వైపు ఎక్స్ బారలు. పక్కన మూడు బారల వెడల్పున ఓ ముక్క, కింద అలాంటిదే ఇంకోటి కలిపాం. ఏం మిగిలిందే?"

"మూల ఖాళీగా ఉంది టీచర్. మూడు మూళ్లు తొమ్మిది."

"ఆ తొమ్మిదీ పెడితే మళ్లీ చతురస్రమే. కానీ ఇటు కలిపింది అటూ కలపాలి. లెక్కలో పక్షపాతం కుదరదు."

పరీక్ష అప్లికేషన్ల దగ్గర హెడ్మాస్టారు అడ్డం తిరిగారు. మగపిల్లల క్లాసులో, అందరి ముందూ ఒక లెక్క చేస్తేనే సంతకం పెడతానన్నారు. మా నలుగురిలో నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. ఎక్స్ వర్గం ప్లస్ ఆరు ఎక్స్ ఈక్వల్ టు రెండు.

"కారణాంకాలు రావట్లేదురా" అని వెనక బెంచీల్లో గుసగుసలు. నేను రెండు వైపులా తొమ్మిది కలిపాను. ఎడమ పక్క ఎక్స్ ప్లస్ మూడు మొత్తానికి వర్గం, కుడి పక్క పదకొండు. వర్గమూలం తీసి ప్లస్ జవాబూ, మైనస్ జవాబూ రెండూ రాశాను.

"సూత్రం రాదా నీకు?" అన్నారాయన.

"సూత్రం ఎలా పుట్టిందో తెలుసండీ" అనేశాను.

"అంకెలు తీసేసి ఏ, బీ, సీ పెట్టి అదీ చేయించమంటారా మాస్టారూ?" అన్నారు గుమ్మంలోంచి టీచరు గారు.

హెడ్మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు.

నలుగురం పాసయ్యాం. నేను లెక్కల లెక్చరర్‌నై రిటైరయ్యాను. సూత్రం మర్చిపోయిన పిల్లల్ని ఎన్నడూ తిట్టలేదు, పుట్టించుకోమన్నాను.

సంతకాలు పడ్డ ఆ రోజు టీచరు గారు మమ్మల్ని మెచ్చుకోలేదు. వరండాలోకి వెళ్లి, ఒక బరువైన బెంచీని తనే ఆ క్లాసులోకి ఈడ్చుకొచ్చారు. నాపరాళ్ల మీద అది కీచుమని అరుస్తుంటే మగపిల్లలు కాళ్లు పైకి తీసుకున్నారు. ఆవిడ ఎవరి వంకా చూడకుండా దాన్ని అందరికంటే ముందు వేసి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, "కూర్చోండే" అన్నారు.