పసుపు, తవుడు పోసిన రేడియేటర్

ఇచ్చోడలో నేను ఒక పటేలు దగ్గర కారు నడిపేవాణ్ణి. ఆ పాత కారు రేడియేటర్ నుంచి నీళ్లు సన్నగా కారేవి. ఆదిలాబాద్ తీసుకుపోయి మాటు వేయిద్దామని మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన వాకిట్లో నలుగురి ముందు నవ్వాడు.

"నువ్వెప్పటిసంది మిస్త్రీవైనవ్‌రా? పసుపు, తవుడు కలిపి పొయ్యి. అదే మూసుకుంటది."

అప్పట్లో అందరూ చేసే పనే అది. తవుడు ఉబ్బి చిల్లిని పూడుస్తుంది. అయితే చిటికెడు వేయాలి. ఆయన దగ్గరుండి దోసిళ్లతో పోయించాడు. కారడం ఆగింది. "చూసినవా?" అన్నాడు. ఆ మాటను ఈనాటికీ మరవలేదు.

ఆ ఎండాకాలమే నన్ను కన్న మా అవ్వకు జ్వరం వచ్చి నాలుగు రోజులైనా దిగలేదు. పటేలు కారు ఇచ్చాడు. ఆ సంగతి దాచను. అవ్వను వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఆదిలాబాద్ ఆసుపత్రికి బయలుదేరాను. గుడిహత్నూర్ రాకముందే బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది.

కారు ఆపి, ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కి చూశాను. బిగువుగానే ఉంది. గొట్టాలు ఎక్కడా పగల్లేదు. రేడియేటర్‌ను తడిమాను. పైభాగం కాలిపోతోంది, కింది భాగం చల్లగా ఉంది. నీళ్లు కిందికి దిగడం లేదన్నమాట. చల్లారాక అడుగున కుళాయి తిప్పితే చుక్క రాలేదు. పుల్లతో పొడిస్తే పచ్చటి తవుడు ముద్ద జారింది. విప్పి కడిగితే తప్ప అది బాగుపడదు.

"ఏమైంది బిడ్డా?" అంది అవ్వ లోపలి నుంచి.

"ఇంజన్ వేడెక్కిందే అవ్వా."

"దానిగ్గూడ జరమొచ్చిందా? దవాఖానల దాన్ని నా పక్కపొంటే పండవెట్టు."

నాకు నవ్వొచ్చింది. ఆమె నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది. దుప్పటి సర్దబోతే పాదాలు తగిలాయి. చల్లగా ఉన్నాయి. ఆ తర్వాత నేను నవ్వలేదు.

టేకు దుంగల లారీ ఒకటి దొరికేసరికి పొద్దు వాలింది. ఆసుపత్రిలో డాక్టరు నన్ను తిట్టలేదు. ఇంత ఆలస్యం ఎందుకైందని మాత్రం అడిగాడు. దీపాలు పెట్టేవేళకు అవ్వ పోయింది.

పదోనాడు పటేలు మా ఇంటికి వచ్చి, బంధువుల మధ్య కూర్చుని, "నీళ్లు సూసుకోకుంట నడిపిండు. పాపం, ఆని అవ్వనే పాయె" అన్నాడు. తవుడు సంగతి చెప్పబోయాను. "గిప్పుడెందుకురా గా ముచ్చట" అని చేయి అడ్డం పెట్టాడు.

మళ్లీ ఆయన పనికి పోలేదు. కానీ సంతలో, పెళ్లిలో, బస్సులో, కనబడిన ప్రతిచోటా అడిగాను: "పటేలా, పొయ్యమన్నదెవరు?" ప్రతిసారీ ముఖం తిప్పుకుని పోయేవాడు.

"మరి పోసిందెవర్రా?" అని ఆయన తిరిగి అడగవచ్చు. అదీ అడగలేదు. తవుడు ఎక్కువవుతోందని ఆ రోజే నాకు తెలుసు. నలుగురి ముందు మళ్లీ నవ్వుతాడని, చివరి దోసిలి కూడా నోరు మూసుకుని నేనే పోశాను.