అప్పన్నకు మిగిలిన సగం

మా అబ్బాయికి ఐదో ఏడు నడుస్తోంది. వాడికి రెండు జడలు. మిడిల్ పాయింట్ బజారులో కొత్తవాళ్లెవరైనా "బిటియా బడీ ప్యారీ హై" అని, ఆడపిల్లే అనుకుని బుగ్గ గిల్లితే, వాడు వెంటనే లేని మీసం మెలేసి చూపిస్తాడు. ఇరుగుపొరుగు వాళ్లకు అలవాటైపోయింది. ఈ జూన్‌లో బడిలో వేయాలని తీసుకెళితే టీచరమ్మ మాత్రం వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, "ముందు వీణ్ణి ఏదో ఒకటి చేసి తీసుకురండి" అంది.

ఆ జడలకు కారణం నా మొక్కు. వాణ్ణి కడుపుతో ఉండగా ఓడెక్కి ఈ దీవులకు వచ్చాను. విశాఖ దీపాలు కనుమరుగయ్యాక సముద్రం మా ఓడను చేటలో బియ్యంలా చెరగడం మొదలుపెట్టింది. మావారు పై బంకులో హాయిగా గుర్రు పెడుతున్నారు. నేను కింద బంకు కమ్మీ పట్టుకుని, "సింహాద్రి అప్పన్నా, నన్నూ నా కడుపులో ఉన్నవాణ్ణీ నేల మీద దించు. పుట్టువెంట్రుకలు నీ కొండ మీదే తీయిస్తాను" అని మొక్కుకున్నాను. ఆయన దించాడు. దిగి, కాళ్లు నిలదొక్కుకున్నాక అర్థమైంది, ఆ మొక్కు తీర్చాలంటే మళ్లీ అదే ఓడ ఎక్కాలని.

పుట్టువెంట్రుకలు బేసి ఏటనే తీయించాలి. మొదటి ఏడు వాడికి జలుబు చేసింది. మూడో ఏడు సెలవు దొరికింది, టికెట్లు కూడా తెచ్చారు. కానీ ముందురోజు రేడియోలో ఎక్కడో అల్పపీడనం అన్నారు. ఆ 'ఎక్కడో' ఎక్కడో నేను కనుక్కోలేదు. టికెట్లు వాపసు ఇప్పించాను. ఇప్పుడు ఐదో ఏడు కూడా అయిపోవస్తోంది. ఇది దాటితే ఏడో ఏడే. అప్పటికి జడ కుప్పెలు పెట్టుకోవచ్చు.

"ఇక్కడా దేవుళ్లున్నారోయ్" అంటారు మావారు.

"మొక్కు ఎవరికి మొక్కితే వాళ్లకే" అంటాను నేను. ఆయన నా వైపు చూసి, తర్వాత గోడ మీది క్యాలెండరు వైపు చూసి, పేపరు చదువుకుంటారు.

ఇలా ఉండగా, మావారి ఆఫీసు వాళ్లంతా కలిసి ఒక ఆదివారం బస్సు మాట్లాడారు. ఫెరార్‌గంజ్ అవతల పల్లెల్లో మూడు గుళ్లు, మధ్యలో పడవ షికారు, పొలాల మధ్య సైకిలు షికారు. చూపించడానికి ఒక గైడు. అతనిది బ్రూక్షాబాద్. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇతను వేటకు పోవడం తగ్గించి, ఆదివారాలు ఇలా మావంటి వాళ్లను తిప్పుతుంటాడు. మెడలో ఈల. ఆ ఈలను ఊదనిచ్చాడని మావాడు బస్సెక్కిన దగ్గర్నుంచే అతన్ని "మామా" అనడం మొదలుపెట్టాడు.

నా బుట్ట చూసి అతను ఆగిపోయాడు. కాచి చల్లార్చిన నీళ్లు, డెట్టాలు, బర్నాలు, నిమ్మకాయలు, గొడుగు, వాడికి మూడు జతల బట్టలు, కొబ్బరినూనె, దువ్వెన, ఒకవేళ ఆ దువ్వెన పోతే ఇంకో దువ్వెన.

"ఏటమ్మా, కాపరం మార్సీస్తన్నారా?"

"పిల్లాడితో ప్రయాణం కదండీ."

"సాయంత్రానికి తిరిగొచ్చీస్తామమ్మా. నిజింగానే."

మా పక్కింటి దీదీ కూడా వచ్చింది. ఆవిడ బెంగాలీ. పుట్టింది, పెరిగింది, బడిలో పాఠాలు చెప్పేది అన్నీ ఇక్కడే. మావాడు అన్నం మా ఇంట్లోనూ చేప ఆవిడ ఇంట్లోనూ తింటాడు. బస్సులో నేను వాడి జడలు విప్పి మళ్లీ గట్టిగా అల్లి ఎర్ర రిబ్బన్లు కడుతుంటే, ఈ జుట్టు ఎప్పుడిస్తారని దీదీ అడిగింది. "యే బాల్ కబ్ దేనా హై?"

"మందిర్ మే దేనా హై. ఇసీ సాల్" అన్నాను, రిబ్బను పళ్లతో పట్టుకుని. గుడిలో ఇవ్వాలి, ఈ ఏడే అని. ఈ మాట ఆవిడకు నేను నాలుగేళ్లుగా చెబుతూనే ఉన్నాను.

మొదటి గుడి కాళీమాతది. అక్కడ పెట్టిన కిచిడీ వేడిగా ఉందని నేను ఊదుతుండగానే మావాడు రెండోసారి పెట్టించుకున్నాడు. అక్కడి నుంచి రెండో గుడికి డుంగీలో వెళ్లాలి. డుంగీ అంటే ఇక్కడి చిన్న నాటుపడవ. రెండు వైపులా మడచెట్లు, మధ్యలో పాయ. నీళ్లు కదలడం లేదు. కదలని నీళ్ల కింద ఏముంటుందో నాకు తెలుసు.

"మొసళ్లుంటాయా?" అని గైడునడిగాను.

"ఉంటాయమ్మా. నేవని అబద్ధం ఆడను."

"మరి?"

"పగలు పడుకుంటాయి. అందులోనూ మీ సేతిలో గొడుగుంది గదా, సూసి బయపడిపోతాయి."

నేను పైట కొంగుతో పిల్లాణ్ణి నా నడుముకు కట్టుకున్నాను. దీదీ అది చూసి నవ్వింది. "ఆప్ డూబేగా తో బచ్చా భీ సాథ్ మే డూబేగా. ఆప్ కో తైర్నా ఆతా హై క్యా?"

నేను మునిగితే వాడూ నాతో మునుగుతాడట. ఈత నాకు రాదు. ముడి విప్పి పడవ బల్లకు కట్టబోయాను.

"పడవ మునిగితేనో?" అన్నారు మావారు, సాయం చేస్తున్నట్టుగా.

చివరికి దీదీ చున్నీతో పిల్లాణ్ణి దీదీకే కట్టాను. ఆవిడకు ఈత వచ్చు. అప్పుడు కొంచెం ఊపిరి ఆడింది. ఆ తర్వాత ఐదు నిమిషాలకు గొడుగు మడిచి, అందరికీ వీపు తిప్పి, వాంతి చేసుకున్నాను.

గైడు తెడ్డు ఆపేశాడు. "అల నేదు, గాలి నేదు. ఎలాగొచ్చిందమ్మా?"

"ఆవిడకి అలలు అక్కర్లేదు బాబాయ్" అన్నారు మావారు. "నీళ్లు కనిపిస్తే చాలు. కుండలో నీళ్లు ముంచేటప్పుడు కూడా కాస్త గోడ పట్టుకునే ఉంటుంది."

పడవంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది దీదీ నడుముకు కట్టిన నా కొడుకు. నేను నిమ్మకాయ వాసన చూస్తూ, ఈ నీళ్ల మీదే ఇలా ఉంటే ఆ నీళ్ల మీద ఎలా అనుకున్నాను. ఒడ్డున రెండో గుడిలో జాలర్ల అమ్మవారికి దండం పెట్టేటప్పుడు కూడా అదే అనుకున్నాను.

మధ్యాహ్నం ఒక పల్లెలో దిగాం. చిన్న దిబ్బ మీద మురుగన్ గుడి ఉంది. తమిళం వాళ్లు కట్టుకున్నది. దిబ్బ కింద కొట్టు ముందు అద్దె సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. గైడు ఈల వేశాడు. "సైకిలొచ్చినోళ్లు పొలాల్లోకి ఎళ్లిరండి. రానోళ్లు నాతో గుడికాడ. చలో, చలో!"

నేను రానివాళ్ల వైపు నిలబడ్డాను. మావారు బుట్ట నా చేతిలోంచి లాగేసుకున్నారు.

"విజయనగరంలో కాలేజీకి రోజూ సైకిలు మీదే పోయేదాన్నని పెళ్లయిన దగ్గర్నుంచి చెబుతున్నావు. ఇంతవరకు నేను చూసింది లేదు."

"పిల్లాడో?"

"మై హూఁ నా" అంది దీదీ. చున్నీ ఇంకా విప్పలేదు. "జాయియే, జాయియే!"

రెండు మలుపుల వరకు హ్యాండిలు నా మాట వినలేదు. మూడో మలుపు దగ్గర కాళ్లకు గుర్తొచ్చింది. రెండు వైపులా పచ్చటి చేను, గట్ల మీద పోకచెట్లు, ఒక ఇంటి ముందు ఎండేసిన మిరపకాయలు, దారికి అడ్డంగా తీరిగ్గా నడిచే బాతులు. వెనక మావారి సైకిలు చైను ఊడిపోయింది. "ఏమోయ్, ఆగు!" అని అరుపు వినిపించింది. నేను ఆగలేదు. వాడు పుట్టాక మొదటిసారి, ఆ క్షణాన వాడు ఏం చేస్తున్నాడో, ఏం మింగుతున్నాడో, ఎక్కడి నుంచి పడుతున్నాడో నేను ఆలోచించలేదు. ఎదురుగా ఎవరూ లేకపోయినా బెల్లు కొట్టాను. బాగుందని మళ్లీ కొట్టాను.

తిరిగి దిబ్బ కిందికి వచ్చేసరికి గుడి మెట్ల పక్కన వేపచెట్టు కింద సందడిగా ఉంది. ఎవరో తమిళం వాళ్ల పిల్లలకు గుండ్లు చేయిస్తున్నారు. నున్నగా గీసిన తలల మీద పచ్చగా గంధం పూసుకుని, తలా ఒక అరటిపండు పట్టుకుని, నలుగురైదుగురు పిల్లలు వరసగా కూర్చున్నారు. బార్బరు చివరి పిల్లాడి దగ్గరున్నాడు. పాపం, ఆ పిల్లాడి తల ఒక పక్క ఎంత చప్పిడిగా ఉందో! తల్లి నెలల పిల్లాడప్పుడు అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టి ఉండదు, కొంతమందికి శ్రద్ధ ఉండదు అనుకున్నాను.

ఆ పిల్లాడు తల తిప్పాడు. రెండో వైపున జడ ఉంది. జడకు ఎర్ర రిబ్బను ఉంది.

సైకిలుకు స్టాండు వేయలేదు. అది ఎటు పడిందో నాకు తెలియదు. "ఆపండి! రోకో! రోకో!" అని నేను వేసిన కేకకు బార్బరు కత్తి గాల్లోనే ఆపేశాడు. దీదీ మాత్రం నవ్వు ముఖంతో ఎదురొచ్చింది.

"దేఖో, మైనే సబ్ కర్వా దియా!"

నా కొడుకు గైడు ఒళ్లో కూర్చుని ఉన్నాడు. గైడు ముఖంలో కూడా పెళ్లి పెద్ద కళ. "మొదటి కత్తెర నానే ఏసానమ్మా. మేనమావ ఎయ్యాల గదా. పొద్దున్నించీ నన్ను మామా మామా అంటన్నాడు, ఇంక ఏరే మావని ఎక్కడ ఎతుకుతాం?"

"ఎవరు తీయమన్నారు?"

గైడు దీదీ వైపు చూశాడు. దీదీ నా వైపు చూసింది. ఆవిడ నవ్వు మెల్లగా తగ్గింది. "ఆప్ హీ తో బోలా. మందిర్ మే దేనా హై. ఇసీ సాల్." గుడి వైపు చేయి చూపించింది. "యే మందిర్ నహీఁ హై క్యా?"

ఆవిడ తప్పేముంది? ఈ దీవుల్లో మురుగన్‌కు బెంగాలీలు కొబ్బరికాయ కొడతారు, కాళీమాత దగ్గర తమిళులు కుంకుమ పెట్టుకుంటారు, మేం రెండు చోట్లా ప్రసాదం తింటాం. ఏ గుడి అని ఇక్కడ ఎవరూ అడగరు. నేనూ నాలుగేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదు.

"ఇది సింహాద్రి అప్పన్న మొక్కు" అన్నాను.

గైడు ముఖం వాడిపోయింది. "అప్పన్నదా? అయ్యబాబోయ్. ముందే సెప్పొద్దేటమ్మా!" కాసేపు తల గోక్కున్నాడు. "మరేటి పర్వానేదు. మా బ్రూక్షాబాద్ పిల్లలకి సగం మందికి ఇక్కడే తీయించాం. ఓడ దొరకాలి గదా. ఆ సంగతి అప్పన్నకీ తెలుసు."

చుట్టూ బస్సు జనం చేరారు. ఒకరు పూర్తి చేయించమన్నారు, ఒకరు కత్తి దించమన్నారు, ఒకాయన జుట్టు మళ్లీ మొలుస్తుంది కదా అన్నాడు. పూజారి మెట్ల మీద నుంచే హిందీలో, స్వామి పని సగంలో వదలకూడదన్నాడు. అందరికంటే గట్టిగా అరుస్తున్నది మావాడు. "ఇటు కూడా! ఇటు కూడా తియ్! నాకు గంధం!"

అప్పుడు మావారు చైను ఊడిన సైకిలు నెట్టుకుంటూ వచ్చారు. చేతులకు నల్లటి గ్రీజు. కొడుకును ఒక పక్క నుంచి చూశారు. నడిచి వెళ్లి రెండో పక్క నుంచి చూశారు. సైకిలు మీదికి వంగి నవ్వడం మొదలుపెట్టారు. చాలాసేపు పట్టింది. కళ్లు తుడుచుకుని, నా ముఖం చూసి, గొంతు తగ్గించారు.

"పోనీలే. పూర్తి చేయించెయ్. ఇక ఓడ ఎక్కే పనే లేదు. నీకూ ఆ బాధ తప్పుతుంది."

నాలుగేళ్లుగా ఎవరైనా నాతో ఆ మాట అంటే బాగుండునని చూస్తున్నాను. ఇప్పుడు అన్నారు. నేను తల ఊపితే చాలు. ఆ బంకు లేదు, ఆ కమ్మీ లేదు, ఆ నీళ్లు లేవు. బార్బరు కూడా నా తల వైపే చూస్తున్నాడు, ఎప్పుడు ఊపుతానా అని.

మిగిలిన జడను చేతిలోకి తీసుకున్నాను. పొద్దున నేను అల్లిన అల్లిక అలాగే ఉంది. ఆ రాత్రి ఓడలో నేను దేవుడా అని ఊరికే అనలేదు. పేరు పెట్టి పిలిచాను. వచ్చాడు.

"వద్దు. ఇది అప్పన్నది" అన్నాను.

"ఈ తలతో వీణ్ణి ఎన్నాళ్లు తిప్పుతావే?"

"ఓడ వచ్చేదాకా."

"ఏ ఓడ?"

"వచ్చే ఓడే."

మావారి నవ్వు ఆగిపోయింది. గైడు ఏం చేయాలో తోచక ఈల వేశాడు. సంగతి తెలియక డ్రైవరు బస్సు స్టార్టు చేశాడు. మావాడి సగం తలకు గంధం పూయించాం, అరటిపండు ఇప్పించాం. వాడు కుదుటపడ్డాడు. దారంతా దీదీ ఏడుస్తుంటే నేనే ఓదార్చాను. వాడు మాత్రం కిటికీ దగ్గర కూర్చుని, ఎదురుగా వచ్చే బస్సుల వాళ్లకు ఒకసారి ఈ పక్కా ఒకసారి ఆ పక్కా చూపిస్తూ వచ్చాడు.

మర్నాడు టికెట్ల క్యూకు నేనే వెళ్లాను, వాణ్ణి తీసుకుని. ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు, ఒక్కొక్కరే పక్కకు జరిగారు. కిటికీలో గుమాస్తా తల బయటికి పెట్టి వాణ్ణి చూశాడు.

"క్యా హువా ఇస్ కో?"

"ఆధా బాకీ హై" అన్నాను.

అతను ఇంకేమీ అడగకుండా టికెట్లు కోశాడు.

రేపు పొద్దున ఓడ. దీదీ తన కోసం కూడా అప్పన్నకు ఒక కొబ్బరికాయ కొట్టమంది. టోపీ కుట్టి ఇచ్చింది గానీ మావాడు పెట్టుకోనంటున్నాడు, తల ఎవరికీ కనబడదట. ఇప్పుడు వాడు గుండు వైపు దిండుకు ఆనించి నిద్రపోతున్నాడు. ఈ పక్క నుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంది. బుట్టలో నిమ్మకాయలు, డెట్టాలు, రెండు దువ్వెనలు సర్దాను. ఒక్క జడకు రెండు దువ్వెనలు ఎందుకని మావారు అడిగారు. నేను తీయలేదు.

బయట గాలి కొంచెం లేచినట్టుంది. కొబ్బరాకుల చప్పుడు వినిపిస్తోంది. వాతావరణం వార్తల వేళయిందని రేడియో వైపు చూశాను. అందులో సెల్సు లేవు. సాయంత్రం వీడ్కోలు చెప్పడానికి వచ్చిన గైడుకు, టార్చికి పనికొస్తాయని, నేనే తీసి ఇచ్చేశాను.