అయిదో నంబరు గది తలుపు

బడి అంటే గంట కొడితే మొదలయ్యేదనీ, గేటు దాటి లోపలికి పోవాల్సిన చోటనీ లోకమంతా అనుకునే ఆ రోజుల్లో, మా బడి ఎక్కడుందో తాళంచెవుల బోర్డు చూస్తేగానీ తెలిసేది కాదు. మా నాయన తిరుచానూరులో ఒక చిన్న లాడ్జికి మేనేజరు. (మేనేజరంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. గదులు ఇచ్చేదీ, బాయిలరు రాజేసేదీ, మాడిపోయిన బల్బులు మార్చేదీ అన్నీ ఆయనే.) అమ్మవారి దర్శనానికి వచ్చే యాత్రికులకు ముందువైపు ఎనిమిది గదులు, వెనకవైపు రెండు చిన్న గదుల్లో మా కాపురం. పొద్దున తొమ్మిదింటికి అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, "ఈ పొద్దు ఏవి ఖాళీ?" అని అడిగేది. నాయన బోర్డు మీద వేలాడే తాళంచెవులు చూసి, "మూడూ, అయిదూ" అనేవాడు. "అయితే మూడులో బడి" అనేది అమ్మ. నేనూ తమ్ముడూ పుస్తకాలు చంకన పెట్టుకుని బయలుదేరేవాళ్లం. ఇరవై అడుగులు వేస్తే బడి వచ్చేది. అయినా తమ్ముడు రోజూ ఆలస్యంగానే వచ్చేవాడు.

ఈ బడి పుట్టడానికి కారణం కూడా వాడే. వాడికి ఎనిమిదేళ్లప్పుడు, ఎవరో యాత్రికులు మరిచిపోయిన గొడుగు పట్టుకుని, గాలిలో తేలుతూ దిగుతానని మిద్దె మెట్ల మీదనుంచి దూకాడు. గొడుగు బాగానే దిగింది. వాణ్ణి మాత్రం పుత్తూరు తీసుకుపోయి కాలికి కట్టు కట్టించాల్సి వచ్చింది. పసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, వాటి మీద గుడ్డ. మూడు నెలలు కదలకూడదన్నారు. చదువు పోతుందని అమ్మ ఇంట్లోనే చెప్పడం మొదలుపెట్టింది. వాడు హాయిగా మంచం మీద పడుకుని చదువుతుంటే నేనొక్కదాన్నే బడికెందుకు పోవాలని పదేళ్ల నేను ఏడ్చి గోల చేసి నా పేరు కూడా అందులో రాయించుకున్నాను. మూడు నెలలకు కట్టు విప్పారు. బడి మాత్రం ఆగలేదు. ఎందుకంటే అప్పటికి మాకంటే అమ్మే దాని రుచి బాగా మరిగింది.

ఆమె చదివింది ఇంటరు. కానీ ఆమె పాఠం చెప్పే తీరు నేను ఆ తర్వాత చూసిన ఏ మేధావికీ రాలేదని ఇప్పటికీ అంటాను. గది తలుపుల ముందువైపు ఆకుపచ్చ రంగు. గేటుకు వెయ్యగా మిగిలిన నల్లరంగు పారబొయ్యడమెందుకని ఎవరో వెనకవైపు పులిమేశారు. అమ్మ ఒకరోజు తలుపు మూసి దాని మీద సుద్దముక్కతో గీత గీసి, "ఎనిమిది గదులు, ఎనిమిది బోర్డులు! ఏ కాన్వెంటులో ఉండాయే ఇన్ని?" అని నా వైపు గర్వంగా చూసింది. ఇక మా భూగోళమంతా నాయన రిజిస్టరే. ఎవరైనా కొత్త ఊరినుంచి దిగితే ఆ ఊరు అట్లాసులో వెతకాలి. తర్వాత వాళ్లనే అడిగి అక్కడ ఏం పండుతుందో, ఏం తింటారో రాసుకు రావాలి. అప్పుడే గుండు కొట్టించుకుని వచ్చి గంధం పూసుకుంటున్న పెద్దమనుషుల్ని తమ్ముడు ఆపి, "మీ ఊళ్లో చెరుకు పండుతుందా?" అని అడిగేవాడు. ఒక్కరూ విసుక్కోలేదు. కొలతల పాఠానికి వీధిలో పూలమ్మే అక్క దగ్గరికి తీసుకెళ్లి, ఆమె మూరా నాయన మూరా ఒకటి కావని దారంతో కొలిచి చూపించింది అమ్మ. (ఆ అక్క వారం రోజులు మాతో మాట్లాడలేదు.) తమ్ముడు వేడినీళ్లు కావాలా అని నాలుగు భాషల్లో అడగడం నేర్చుకున్నాడు. అందులో హిందీకీ మరాఠీకీ పెద్ద తేడా లేదని నేనంటే, "నాలుగే!" అని కొట్లాటకు వచ్చేవాడు. గదులన్నీ నిండితే మాకు సెలవు. కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం సెలవులు మరీ ఎక్కువవుతాయని మిద్దె మీద, ఆరేసిన దుప్పట్ల నీడలో పాఠం జరిగేది.

ఇంత బాగా జరుగుతున్న బడికి ఒక కార్డు ముక్క వచ్చింది. రాసింది పెదనాయన. పుత్తూరులో ఉంటారు, రిటైరైన హెడ్మాస్టరు. తాత పోయాక మా ఇంటికి ఆయనే పెద్ద. ఆయన మాటకు నాయన ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. "పిల్లలు లాడ్జిలో పెరగడం మంచిది కాదు. ఆదివారం వచ్చి వాళ్ల చదువు చూస్తాను. సరిగా లేకపోతే జూన్‌లో ఇక్కడ హాస్టల్లో చేర్పిద్దాం" అని రాశారు. నాయన రెండుసార్లు చదివి, "అన్న చెప్పినాడంటే..." అని ఆగిపోయాడు. ఆయన ఆపిన చోటే మా అందరికీ మిగతా వాక్యం వినిపించింది. ఆ పూట తమ్ముడు సంగటి ముట్టలేదు.

గురువారం పొద్దున బడి అయిదో నంబరులో. వాడి మొహం చూసి అమ్మ లెక్కలు పక్కన పెట్టేసింది. "మనం భయపడే మనిషి గురించి తెలిసిందంతా రాసి పెట్టుకుంటే సగం భయం పోతుంది. ఈ పొద్దు వ్యాసం 'మా పెదనాయన'. నువ్వు చెప్పురా, అక్క రాస్తుంది" అని కూర మాడుతుందని వంటింట్లోకి పోయింది. తమ్ముడు మొదట నసిగాడు. తర్వాత వాణ్ణి ఆపడం నా వల్ల కాలేదు. తలుపు నిండా ఏడు పాయింట్లు రాశాను. ఒకటి, పెదనాయనకు నవ్వు రాదు. రెండు, సంగటి ముద్దలు మూడు తింటారు. మూడు, ఆయన గురక మా బాయిలరుకంటే పెద్దది. నాలుగు, తల మీద వెంట్రుకలు లేవు కాబట్టి రంగంతా మీసానికే వేస్తారు. అయిదు, ఆయన బెత్తానికి పేరుంది, దాని పేరు గోవిందు. ఆరు, ఆదివారం వస్తానని చెప్పి గురువారమే వచ్చి అందరినీ పట్టుకుంటారు. (హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఆయన అలవాటు అదేనని నాయనే చెప్పాడు.) ఏడోది మాత్రం నేను సొంతంగా రాశాను. పెళ్లయిన కొత్తలో అమ్మకు టీచరు ట్రైనింగులో సీటొస్తే, "కొత్త కోడలు యాడికో పొయ్యి చదవడమేంది" అని ఒక్క మాటతో ఆపింది పెదనాయనే. అమ్మ ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు, నాయన చెబితే విన్నాను. అందుకని "మా అమ్మ టీచరు కావడం ఆయనకు ఇష్టం లేదు" అని అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాశాను.

అమ్మ వచ్చి తలుపు మూసి చదివింది. నాలుగో పాయింటుకు గోడ పట్టుకుని నవ్వింది. ఏడో దాని దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. "చేతిరాత బాగుండాది" అని మాత్రం అని, "తుడిచేసి రండి, అన్నాలు తిందురు" అంటూ వెళ్లిపోయింది. పాఠం అయ్యాక తడిగుడ్డతో తలుపు తుడిచి తాళంచెవి బోర్డుకు తగిలించడం క్లాసు లీడరు పని. క్లాసు లీడరు నేనే. (క్లాసులో ఇద్దరమే కాబట్టి ఎన్నిక గట్టిగానే జరిగింది.) కానీ అంత గుండ్రటి అక్షరాలు నా చేత్తో అంతకుముందెప్పుడూ పడలేదు. మధ్యాహ్నం ఇంకోసారి చూసుకుని తుడుద్దాంలే అనుకున్నాను. అలాగే తాళం వేసి, తాళంచెవి తగిలించి వచ్చేశాను.

ఇంకో పావుగంటకు నాయన వంటింటి గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి, "ఏమే, అన్న వచ్చేసినాడు. బస్సులో నడుం పట్టేసిందంట, కొంచేపు పడుకుంటానన్నాడు" అన్నాడు. అమ్మ, "ఈ పొద్దా!" అని, "యాడ పడుకోబెట్టినావు?" అని అడిగింది. "మంచి ఫ్యానున్న గదే ఇచ్చినాను, అయిదో నంబరు" అన్నాడు నాయన ఘనంగా. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నా వైపు తిరిగి, "తుడిచినావా?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. "ఏడోది కూడా ఉండాదా?" అంది మెల్లగా. అన్నీ ఉన్నాయన్నాను. సంగతి తెలిశాక నాయన అక్కడే బియ్యం మూట మీద కూలబడ్డాడు. ఆ తలుపుతో చిక్కేమిటంటే, తెరిచి ఉన్నంతసేపూ గోడకు ఆనుకుని ఉంటుంది, ఏమీ కనబడదు. లోపలికి పోయి మూసుకుంటేనే మంచానికి ఎదురుగా పాఠమంతా కనిపిస్తుంది. పెదనాయన అప్పటికే మూసుకున్నారు.

తమ్ముణ్ణి పంపాం. వాడు తలుపు తట్టి, భయంతో ఒకే గుక్కలో, "పెదనాయనా వేడినీళ్లు కావాల్నా సుడుతణ్ణి వేణుమా గరం పానీ చాహియే గరం పాణీ పాహిజే" అని నాలుగు భాషల్లోనూ అడిగేశాడు. లోపలినుంచి తెలుగులో "వద్దు" అని వచ్చింది. అయిదు నిమిషాలాగి నేను చీపురు తీసుకుని పోయి, "గది ఊడుస్తాను పెదనాయనా" అన్నాను. "శుభ్రంగానే ఉండాది, పో" అన్నారు. ఇంక చేసేదేమీ లేక నలుగురం వరండాలో నిలబడి చెవులు రిక్కించాం. గురక వినబడితే నిద్రపోయినట్టు, చదవనట్టు. అరగంట విన్నాం. బాయిలరు తప్ప ఇంకేమీ వినబడలేదు. "మేలుకోనుండాడు" అన్నాడు నాయన. మా హాస్టలు పెట్టెలు నా కళ్ల ముందు సర్దుకుంటున్నాయి.

ఒంటిగంటకు పెదనాయన బయటికి వచ్చారు. గదికి తాళం వేసి తాళంచెవి జుబ్బా జేబులో వేసుకున్నారు. మొహంలో ఏమీ లేదు. భోజనానికి కూర్చున్నారు. అమ్మ సంగటి, ఊరిబిండి పచ్చడి వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక మూడోది తెస్తే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాల్లేమ్మా" అన్నారు. తమ్ముడు నన్ను గిల్లాడు. చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చుని వాణ్ణి పిలిచారు. "ఏమిరా, మహారాష్ట్రం గురించి ఏం తెలుసు నీకు?" వాడు చేతులు కట్టుకుని, "వాళ్లు తెల్లారే రైలు దిగి వస్తారు పెదనాయనా. ఎండ తగలదని మూడో నంబరే అడుగుతారు. షోలాపూరోళ్లు దుప్పట్లు నేస్తారు. వాళ్ల అవ్వ నాకు చెనక్కాయల పొడి ఇచ్చింది, కారం" అన్నాడు. "ఊఁ" అన్నారు. నన్ను రెండు లెక్కలు అడిగారు. ఒకటి చేశాను, ఒకటి తప్పు చేశాను. "ఊఁ" అన్నారు మళ్లీ. అమ్మ తలుపు పక్కన నిలబడి కొంగు కొన వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. నాలుగు గంటల బస్సుకని లేచి, తాళంచెవి అమ్మ చేతికిచ్చి, "వస్తానమ్మా" అన్నారు. హాస్టలు గురించి ఒక్క మాట లేదు. నాయన సంచీ పట్టుకుని ఆయన వెంట బస్టాపుకు పోయాడు.

మేం ముగ్గురం అయిదో నంబరులోకి పరుగెత్తి తలుపు మూసుకున్నాం. నా గుండ్రటి అక్షరాల పక్కన, ప్రతి పాయింటుకూ, గులాబీరంగు సుద్దతో ముత్యాల్లాంటి రాత. (రిటైరైనా ఆయన జేబులో సుద్దముక్క ఉండేదని తర్వాత తెలిసింది.) ఒకటో దానికి: "వస్తుంది. ఇప్పుడే వచ్చింది. చూడడానికి గదిలో ఎవరూ లేరు." రెండో దానికి: "రెండు." మూడో దానికి: "నిద్రలో ఉంటాను కనుక దీనికి నేను సాక్షిని కాను." నాలుగో దానికి: "ఈ వాక్యం అనవసరం." అయిదో దానికి: "గోవిందును రిటైరైన రోజే విరిచేశాను." ఆరో దానికి: "ఇంత తెలిసి కూడా తలుపు తుడవకపోవడం మీ తప్పు." తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నేను ఏడో దానికి వచ్చాను. "నిజం. అప్పుడు ఇష్టం లేదు. తప్పు నాది. హాస్టలు మాట ఇక ఎత్తను. ఈ బడి ఇలాగే సాగాలి." దాని కింద 'తనిఖీ చేయడమైనది' అని రాసి, పొడుగ్గా సంతకం.

అమ్మ ఏడో దాని పక్కన రాసింది ఇంకోసారి చదివింది. తర్వాత, "ఇన్నేండ్లు హెడ్మాస్టరు చేసి, తేదీ వెయ్యకుండా సంతకం పెట్టినాడు సూడు మీ పెదనాయన" అంది. అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మా అమ్మ అంత అందంగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

ఆ తలుపు తుడవడానికి ఎవరికీ చేతులు రాలేదు. నాయన రిజిస్టరులో అయిదో నంబరుకు ఎదురుగా 'రిపేరు' అని తొమ్మిది రోజులు రాశాడు. పదో రోజు రద్దీ తట్టుకోలేక కంచివైపునుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబానికి ఇచ్చాడు. వాళ్లకు తెలుగు చదవడం రాదు. మర్నాడు ఖాళీ చేసి పోయాక చూస్తే తలుపు నాలుగు మూలలా పసుపూ కుంకుమా ఉన్నాయి, కింద ఒక మల్లెపువ్వు. అదేదో స్తోత్రమనుకుని ఆ ఇంటి అవ్వ పూజ చేసిందట. "బురద చల్లినా పూజ చేసినా తుడవాల్సిందే" అంటూ అమ్మే తడిగుడ్డ తెచ్చి తుడిచింది. మర్నాడు అదే చోట మాకు దశాంశాలు చెప్పింది.

మా బడి ఇంకో రెండేళ్లు నడిచింది. ఆ తర్వాత అందరిలాగే పెద్ద బడుల్లో చేరాం, బాగానే చదువుకున్నాం. పెదనాయన బతికున్నంతకాలం ప్రతి జూన్‌లో అమ్మ పేరున ఒక సుద్దముక్కల డబ్బా పంపేవారు, అందులో గులాబీరంగువి తప్పకుండా ఉండేవి. మేం బడికి పోవడం మొదలుపెట్టాక కూడా పంపారు. అమ్మ వాటితో వీధిలో పిల్లలందరికీ పాఠాలు చెప్పింది.

నాకిప్పుడు నలభై దాటాయి. ఉద్యోగం పని మీద ఊళ్లు తిరుగుతుంటాను. ఏ ఊళ్లో దిగినా సామాను కింద పెట్టకముందే తలుపు మూసి దాని వెనక్కి చూస్తాను. గది ఎన్నింటికి ఖాళీ చెయ్యాలో రాసిన కాగితం తప్ప అక్కడ ఏమీ ఉండదు. అయినా ఆ ఒక్క క్షణం, తుడవకుండా వచ్చేసిన క్లాసు లీడరు చెయ్యి తడిగుడ్డ కోసం వెతుకుతుంది. తర్వాత నాలో నేనే నవ్వుకుంటాను. చూడడానికి గదిలో ఎవరూ ఉండరు.