ఎడమకు పోని గంప

పిడి మేస్త్రి పనిముట్ల సంచి విప్పే ముందు తన సంగతులు చెప్పుకుంటాడు. ఎదురుగా మనిషి లేకపోయినా ఫరవాలేదు, ఆటల మిషను ఉంటే చాలు. మొరాయించిన జాయ్‌స్టిక్ పిడి మీద అరచెయ్యి ఆనించి, గొంతు సవరించుకుని మొదలుపెడతాడు.

"పల్లెటూరి బడిలో ఐదో తరగతి చదివినవాణ్ణి. ఇరవయ్యో ఎక్కం కింద నుంచి పైకి ఒప్పజెప్పినవాణ్ణి. పిండిమర బెల్టు జారిపోతుంటే పట్నం మెకానిక్కులు చేతులెత్తేశాక నిలబెట్టినవాణ్ణి. వెనక్కి నడిచే గోడగడియారానికి ముందుకు నడవడం నేర్పినవాణ్ణి. నా చెయ్యి పడ్డ వస్తువు మళ్లీ మూలన పడ్డది లేదు."

తనను ఎవరు ముట్టుకుంటున్నారో మిషనుకు తెలియాలి కదా అని ఆయన వాదన. డాక్టరు గదిలో గోడకు పట్టా వేలాడదీస్తారు, ఈయనకు గోడ లేదు కాబట్టి నోటితో చెప్పుకుంటాడు. అంతే తేడా.

ఆ మాటల్లో గొప్పలు ఉంటే ఉండవచ్చు గాని అబద్ధం లేదు. పిడి తిప్పుతుంటే తెర మీద బొమ్మ కదలడం లేదని కబురొస్తే, తక్కిన మెకానిక్కులు పాతది పీకి కొత్తది బిగించి వెళ్లిపోతారు. ఈయన అలా కాదు. కళ్లు మూసుకుని, పిడిని నాలుగు దిక్కులకూ వంచి, చెవి ఒగ్గి వింటాడు. పిడి అడుగున దిక్కుకొకటిగా చిన్న స్విచ్చులుంటాయి, నొక్కుడు పడినప్పుడల్లా టిక్కుమంటాయి. టిక్కుమననిది దొరికితే దొంగ దొరికినట్టే. టిక్కుమంటూనే బొమ్మ కదలకపోతే పిడి బిగించిన పలక పైకెత్తి, చచ్చిన స్విచ్చు తీగనూ బతికిన స్విచ్చు తీగనూ తారుమారు చేస్తాడు. రోగం తీగ వెంట వెళ్లిందా, తప్పు తీగది. ఉన్నచోటే ఉందా, స్విచ్చుది. ఈ ఉపాయం ఆయనకు ఎవరూ నేర్పలేదు. పోట్లాడుకునే ఇద్దరు పిల్లల్ని బల్లలు మార్చి కూర్చోబెట్టిన పంతులుగారిని చూసి నేర్చుకున్నాడు.

ఇంతటి మేస్త్రికి సొంత తోడల్లుడి ఆటల హాల్లోనే ఒక మచ్చ ఉండేది.

టైలరు కొట్టును ఆనుకుని, రేకుల కప్పు కింద ఆ హాలు. లోపల గోడ పొడవునా మిషన్లు, గుమ్మం పక్కన టోకెన్లు అమ్మే బల్ల, ఆ బల్ల వెనక మేస్త్రి భార్య. చిట్టచివరి మూలన గంప ఆట. చెట్టు మీద నుంచి పళ్లు రాలుతుంటాయి, కింద గంపను అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. తెర కుడి అంచు దాటిన గంప ఎడమ అంచులోంచి మళ్లీ పుట్టుకొస్తుంది. ఆ మిషనుకు ఎడమ దిక్కు చచ్చిపోయి ఏళ్లు గడిచాయి. బాగుచేయనివ్వనిది ఆయన భార్యే.

"ఎడమకి వెళ్లి ఏం బావుకోవాలండీ? కుడికే వెళ్తూ ఉంటే ఎడమ అదే వస్తుంది" అనేదామె.

మధ్యాహ్నం హాలు పలచబడగానే ఆమె ఆ మిషను ముందు కూర్చునేది. గంప కుడికే పరుగు, చుట్టూ తిరిగి మళ్లీ కుడికే పరుగు. ఒక్క పండు నేలరాలేది కాదు. ఆమెను మించిన స్కోరు ఆ హాల్లో ఎవరికీ లేదు. అందుకే తోడల్లుడు మిషను నెత్తిన ఒక చెక్క కొట్టి, దాని మీద రంగుతో 'గంప రాణి' అని రాయించాడు. ఏటేటా ఒక ఆదివారం పోటీ పెడతాడు, గెలిచినవాళ్ల పేరున ఆ చెక్క. అది ఇంతవరకూ చెయ్యి మారలేదు. ఇంట్లో పెళ్లినాటి ఫొటో మీద దుమ్ముంటుందేమో గాని ఆ చెక్క మీద ఉండదు.

ఈసారి పోటీకి టైలరు పేరిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. 'రాజు' అని ఎర్రదారంతో కుట్టిన గుడ్డపట్టీ ఒకటి ముందే సిద్ధం చేసుకున్నాడు. చెక్క మీది 'రాణి' సరిగ్గా కప్పుకునేలా టేపుతో కొలిచి మరీ కుట్టాడు. పైగా మేస్త్రిని చూసినప్పుడల్లా ఒక చురక.

"ఏం మేస్త్రీ, ఊరందరి పిడులూ తిప్పుతావు. ఇంటి మనిషి ఆడే మిషనుకి పక్షవాతమొస్తే మందు లేదా?"

మేస్త్రికి ఆ మాట ముల్లులా దిగింది. చెల్లెలికి జ్వరమని భార్య వాళ్లింటికి వెళ్లి ఉండడంతో, ఇదే అదను అనుకున్నాడు. గంప మిషను పలక ఎత్తాడు, తన సంగతులన్నీ ఒక్కటీ వదలకుండా దానికి చెప్పాడు, తీగలు తారుమారు చేసి చూశాడు. తప్పు స్విచ్చుదే. కొత్తది బిగించాడు. గంప ఎడమకు పరుగెత్తింది. అన్నేళ్ల తర్వాత చూపొచ్చిన మనిషిని చూసినట్టు ఆయన కళ్లు చెమర్చాయి.

భార్య తిరిగొచ్చింది. అలవాటుగా మిషను ముందు కూర్చుంది, టోకెను వేసింది. మొదటి పండు రాలింది. గంప దానికి ఎదురు వెళ్లకుండా ఎడమకు పారిపోయింది. రెండో పండు రాలింది. గంప ఇంకా ఎడమకే. కారణం చిన్నదే. ఎడమకు వంచితే ఏమీ కాదు కాబట్టి, పండుకూ పండుకూ మధ్య చేతి బరువంతా పిడిని ఎడమకు వాల్చి సేదదీరడం ఆమెకు అలవాటైపోయింది. కూర్చున్నవాళ్లకు కుర్చీ చెయ్యి ఎలాగో ఆమెకు ఆ ఎడమ అలాగ. ఇప్పుడు చెయ్యి ఆనినప్పుడల్లా గంప పరుగు లంకించుకుంటోంది.

పళ్లన్నీ నేలపాలయ్యాయి. ఆమె లేచి టోకెన్ల బల్ల దగ్గరికి వెళ్లింది. మొగుడు ఎదురుగానే నిలబడి ఉన్నా తోడల్లుడి వైపు తిరిగింది.

"మరిదీ, మీ అన్నయ్య ముట్టుకున్నాడా దాన్ని?"

"ఆయన్నే అడుగు వదినా, పక్కనే ఉన్నాడుగా."

"నేను నిన్నడిగాను."

"ముట్టుకున్నానే. బాగుచేశాను" అన్నాడు మేస్త్రి.

"మీ అన్నయ్యకి చెప్పు. నా చెయ్యి తీసేసి బాగుచేశానంటున్నాడని."

ఆనాటి నుంచి ఆమె ఆయనతో మాట్లాడడం మానేసింది. ఇంట్లో తోడల్లుడు ఉండడు కాబట్టి అక్కడ కుక్కరుతో మాట్లాడేది. "ఆయన్ని వచ్చి తినమను" అనేది కుక్కరుతో. కుక్కరు ఈల వేసేది, మేస్త్రి వచ్చి తినేవాడు.

స్విచ్చు పీకేస్తే సరిపోయేదని మేస్త్రికి తెలియక కాదు. చిటికెలో పని. కానీ బాగుచేసిన దాన్ని చేతులారా పాడుచేయడమంటే ఇన్నేళ్ల పేరును పేడలో వేసినట్టే. అందుకని ఆయన ఇంకో దారి వెతికాడు. మిషను బాగుంది కాబట్టి, బాగుచేయవలసింది భార్య చెయ్యి.

ఆమె ఆడుతుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మణికట్టు దగ్గర చెవి పెట్టి విన్నాడు. వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూశాడు. కుడివైపు లాగి ఉంచేలా ముంజేతికి తువ్వాలు కట్టి, రెండో కొస తన మోకాలికి కట్టుకున్నాడు. ఆమె చెయ్యి వాలినప్పుడల్లా ఈయన కాలు లేచేది. గంప మాత్రం ఎడమకే పోయేది.

"ఎక్కడో లూజుంది" అన్నాడు మేస్త్రి గంభీరంగా.

"మరిదీ, మీ అన్నయ్యకి చెప్పు, నాకు స్క్రూలు లేవని."

"విన్నావుగా అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు, నవ్వాపుకోలేక.

ఆదివారం వచ్చింది. హాలు కిక్కిరిసింది. టైలరు ఇస్త్రీ చొక్కాతో వచ్చి గుడ్డపట్టీని భుజాన వేసుకుని నిలబడ్డాడు. పోటీకి ముందు చెయ్యి సాగదీసుకోవడానికి మేస్త్రి భార్య ఒక ఆట ఆడింది. మళ్లీ అదే తంతు. ఆమె తలెత్తి నెత్తి మీది చెక్కను ఒకసారి చూసుకుంది. కొంగు కొస తీసుకుని ఆ చెక్క మీద దుమ్ము తుడిచింది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు వెళ్లే ముందు గది ఊడుస్తారే, అలా తుడిచింది.

మేస్త్రి అది చూశాడు. సంచి తీసుకుని మిషను దగ్గరికి వెళ్లి పలక ఎత్తాడు. అరచెయ్యి ఆనించి, గొంతు సవరించుకున్నాడు. పిండిమర రాలేదు, గోడగడియారం రాలేదు. ఎక్కం కింద నుంచీ రాలేదు, పై నుంచీ రాలేదు. నోరు మూసుకుని స్క్రూడ్రైవరు పెట్టాడు. ఎడమ స్విచ్చు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇదేం న్యాయం? పోటీ ముందు మిషను పాడుచేస్తారా?" అన్నాడు టైలరు.

తోడల్లుడు కూడా గాభరాపడ్డాడు. "అన్నయ్యా, నువ్వు బాగుచేస్తున్నావా, పాడుచేస్తున్నావా?"

"పాడుచేసింది మొన్న. ఇప్పుడు బాగుచేస్తున్నా" అన్నాడు మేస్త్రి, పలక బిగిస్తూ.

ఆ మాటతో హాలు గొల్లుమంది. ఆ నవ్వులో తన పేరు ఎంత పోయిందో మేస్త్రి లెక్క చూసుకోలేదు. తోడల్లుడు కాసేపు గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. టైలరు పేరిచ్చిన నాటికి మిషనుకు ఎడమ లేదు, ఇప్పుడూ లేదు, కాబట్టి ఎవరికీ అన్యాయం లేదు.

ముందు టైలరు ఆడాడు. పండు ఎడమన రాలితే పిడిని ఎడమకే లాగేవాడు. ఎంత లాగినా గంప గాడిదలా నిలబడేది. చివరికి మిషనునే ఎడమకు ఎత్తబోతే తోడల్లుడు వచ్చి ఆపాడు.

తర్వాత ఆమె కూర్చుంది. పిడి మీద చెయ్యి వేసింది, మెల్లగా ఎడమకు వాల్చింది. గంప కదలలేదు. ఆమె భుజాలు దిగాయి. పండు రాలింది. గంప కుడికి పరుగెత్తి, అంచు దాటి, ఎడమ నుంచి వచ్చి పట్టుకుంది. ఇక చూడాలి. చెట్టు అలిసిపోవాలే గాని గంప అలిసిపోలేదు. టైలరు తన గుడ్డపట్టీతో ముఖం తుడుచుకుంటూ ఆట సగంలోనే బయటికి నడిచాడు.

ఆట ముగిశాక ఆమె స్టూలు మీదే తిరిగి, తోడల్లుణ్ణి దాటుకుని సూటిగా మొగుణ్ణి చూసింది.

"ఏమండీ, ఈ ఎర్ర బటను కాస్త పట్టేస్తోంది."

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. చెయ్యి సంచిలోకి వెళ్లింది.

"చెప్పానంతే" అందామె. "చెయ్యమనలేదు."