దొంగచాటుగా ఆఫీసుకి

చిలకలగూడలో మా అమ్మాయి వాళ్లు అద్దెకున్న మేడమీది వాటాలో నేను భయపడింది ఒక్క చప్పుడికే. తెల్లవారకముందు పక్కగదిలో మంచం కిర్రుమంటే నా గుండె గుభేలుమనేది. రెండేళ్ల మనవడు లేచాడన్నమాట. ఇక తల్లి కాళ్లు వదలడు.

ఊరంతా సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ అని ఊగిపోతున్న రోజులవి. అమ్మాయికి హైటెక్ సిటీలో ఉద్యోగం. చీకటి ఉండగానే కంపెనీ క్యాబ్ ఇంటిముందుకి వచ్చేది. అల్లుడిది రాత్రి షిఫ్టు, ఆమె వెళ్లాక గానీ ఇల్లు చేరడు. పిల్లవాడి పేచీ వల్ల అప్పటికే రెండుసార్లు క్యాబ్ తప్పింది. ఇంకోసారి ఆలస్యమైతే ఉద్యోగం ఉండదని మేనేజరు మొహం మీదే చెప్పాడట. అందుకే నన్ను విజయనగరం నుంచి రప్పించారు.

పిల్లలు ఏడుస్తుంటే గుమ్మం దాటకూడదని మా ఇంట్లో పట్టింపు. కాబట్టి వాడు నిద్రలో ఉండగానే తల్లిని సాగనంపే పూచీ నాది. గలగలమంటాయని ఆమె చేతి గాజులు తీయించాను. హ్యాండ్‌బ్యాగు రాత్రే మెట్ల మీద పెట్టేదాన్ని. ఏం లాభం? వాడు రోజురోజుకీ ఇంకా ముందే లేస్తున్నాడు. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశాను. కిటికీకి దుప్పటి కట్టాను. పొద్దుపోయేదాకా ఆడించి పడుకోబెట్టాను. నా ఒళ్లు హూనమైంది గానీ వాడి నిద్ర పెరగలేదు. బుడతడు నన్నే ఓడిస్తున్నాడని ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు మంచం కిర్రుమనలేదు. హమ్మయ్య అనుకుంటూ వంటింట్లో అమ్మాయికి టిఫిన్ డబ్బా సర్దుతున్నాను. స్నానం చేసి వచ్చి అమ్మాయి కేక పెట్టింది.

“అమ్మా! బాబేడే? మంచం మీద లేడు!”

“ఇందాకే చూశాను కదేటే!”

మంచం కింద లేడు. వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది. గడియ చప్పుడవుతుందని నేనే రాత్రి దగ్గరగా వేసి ఊరుకున్నాను. బయటి మెట్లకి ఒకపక్క గోడ తప్ప రెండోవైపు పట్టుకోవడానికి ఏమీ లేదు. గుమ్మంలోకి పరిగెత్తాను. కింద హారన్ మోగింది.

“మేడమ్, జెర జల్దీ రాండ్రి! ఇంకో ఇద్దరిని సుత ఎక్కించుకోవాలె!” అని డ్రైవరు కేక.

అమ్మాయి మెట్ల లైటు వేసింది. మెట్ల మలుపులో గోడకి ఆనుకుని కూర్చున్నాడు వాడు. తల్లి బ్యాగుని రెండు చేతులా వాటేసుకుని, నిద్రతో తూలిపోతూ, కళ్లు మూతపడకుండా కాపలా కాస్తున్నాడు.

“అమ్మ పోలేదు,” అన్నాడు ఆమెను చూసి.

నాకు ఏడుపొచ్చింది. మాయమైపోయే తల్లిని పట్టుకోవడానికే వాడు నిద్ర మానుకుంటున్నాడు. నా తెలివితేటలే వాణ్ణి రోజూ లేపుతున్నాయి.

అమ్మాయి వాడి ఎదురుగా కూర్చుంది. “ఆఫీసుకెళ్లి సాయంత్రం వచ్చేస్తాను నాన్నా. బ్యాగిచ్చీ.”

ఇచ్చాడు. ఇచ్చి, గొంతు చించుకుని ఏడ్చాడు.

“బాబు ఏడుస్తుంటే ఎల్లకే,” అన్నాను.

“ఎల్తానమ్మా. ఇంక దొంగచాటుగా ఎల్లను.”

క్యాబ్ ఎర్రలైట్లు సందు మలుపు తిరిగేదాకా వాడు నా చంకలోంచి చూసి, నా భుజం మీద తల వాల్చాడు. ఎండెక్కేదాకా లేవలేదు.

కొన్నాళ్లకి నేను మా ఊరు వెళ్లాల్సి వచ్చింది. ఇంకా తెల్లవారలేదు. స్టేషనుకి ఆటో వచ్చి ఆగింది.

“హాయిగా పడుకున్నాడు. చప్పుడు చెయ్యకుండా ఎలిపోమ్మా,” అంది అమ్మాయి.

నేను లోపలికి వెళ్లి వాణ్ణి లేపాను.