నల్లకోడి కట్టు

మొన్న మా అన్న పోయిన మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లంతా దూరంగా నిలబడి చూడడం మా కొడకండ్ల వైపు ఆనవాయితీ. ఎండ నడినెత్తి మీదికి వచ్చినా కాకి కరెంటు తీగ మీదే కూర్చుంది గాని దిగలేదు. అప్పుడు మా పెద్దమ్మ కూతురు, పోయిన అన్నకు సొంత చెల్లెలు, నాకు అక్క వరుస, నలుగురికీ వినబడేటట్టే అన్నది.

"అన్న కాలు అవిటి చేసినామె ఎదురుంగ నిల్సుంటే పిట్టెట్ల ముడ్తది?"

డెబ్బైకి దగ్గరపడిన నేను పక్కింటి గోడ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. యాభై ఏళ్లు దాటినా ఆ ఇంట్లో నా మీద మోపిన నేరం అట్లాగే ఉంది. నా ఈడువారికి ఆ ఏడు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ కావాలని మొదటిసారి ఊళ్లన్నీ లేచి, నెలల తరబడి బళ్లు మూతపడి, మన చదువులు ఒక సంవత్సరం వెనక్కి పోయిన ఏడు.

అప్పుడు నాకు పదకొండేళ్లు. అంతకు ముందు ఏడే అమ్మ పోయింది. బాపు పొద్దున పొలానికి పోతే చీకటిపడే వేళకు వచ్చేవాడు, వచ్చినా మాట్లాడేవాడు కాదు. ఇల్లంతా పెద్దమ్మది. నల్లకోడి ఒక్కటి మాత్రం నాదని అనుకునేదాన్ని, ఎందుకంటే అమ్మ చివరిసారి పొదగేసిన గుడ్లలో బతికిన పిల్ల అదొక్కటే. పెద్దమ్మకు ఆ లెక్క పట్టదు. ఆ వాకిట్లో గింజ తిన్నదేదైనా ఆమెదే, నాతో సహా.

ఆమె కొడుకు, మా అన్న, వరంగల్‌లో చదువుకుంటూ ఊరేగింపులో పోలీసులకు దొరికాడు. జైల్లో పెట్టారని మాత్రమే కబురు వచ్చింది. ఎన్నాళ్లుంచుతారో, దెబ్బలు తగిలాయో లేదో ఎవరికీ తెలియదు. పెద్దమ్మ ఆ పూటే పోచమ్మ గద్దె ముందు కొంగు పరిచి నల్లకోడిని మొక్కింది. కొడుకు వచ్చాక ఇస్తాననే మొక్కు కాదు అది. వచ్చే ఆదివారమే కోడినిస్తాను, తీసుకుని నా కొడుకును నిమ్మళంగా ఇల్లు చేర్చమని మొక్కింది. అట్లా చూపించి మొక్కిన కోడికి బదులు ఇంకొక కోడి చెల్లదు. అవిటి కోడీ చెల్లదు.

మొక్కిన కోడి ఎటూ పోకూడదని దాని ఎడమకాలికి తాడు వేసి గుంజకు కట్టింది పెద్దమ్మ. గంప కింద మూద్దామని నేనంటే వినలేదు. శుక్రవారం పొద్దున వాకిట్లోకి కుక్క దూకింది, కోడి అదిరిపడి ఎగిరింది, తాడు దాన్ని వెనక్కి గుంజింది, మోకాలి కింద ఎముక విరిగింది. అప్పుడు నేను బావి దగ్గర నీళ్లు తోడుతున్నాను.

"నువ్వే ఇరగ్గొట్టినవే! కోస్తరని ఇరగ్గొట్టినవు. నువ్వే బాగుజెయ్యి ఇప్పుడు. అది సక్కగ నడిచిన్నాడే నా కొడుకు ఇంటికొచ్చేది."

తాడు సంగతి ఆమె ఆనాడు ఎత్తలేదు, ఆ తర్వాత బతికిన ముప్పై ఏళ్లలోనూ ఎత్తలేదు.

మేకల కాళ్లకు బాపు కట్టు కడుతుంటే చూసిన తెలివే నాకున్నది. వెదురు దబ్బలు రెండు నునుపుగా గీకాను. అమ్మ పాత చీర అంచు చింపి, పసుపూ ఆముదమూ పట్టించి, విరిగిన కొసలు ఒకదానికొకటి ఆనేదాకా వేళ్లతో తడిమి సరిచేసి కట్టాను. కోడి వారం రోజులు పక్కకు ఒరిగే ఉంది. ఉన్నచోటే నూకలు పోసి, ముంతతో నీళ్లు తాగించి, పుండు పడకుండా పూటపూటకూ కింది గడ్డి మార్చి, చీమలు పట్టకుండా గంప చుట్టూ బూడిద పోసేదాన్ని. ఊళ్లో మగవాళ్లు రేడియో చుట్టూ మూగి రాష్ట్రం వస్తుందా రాదా అని వాదించుకుంటున్నప్పుడు నేను ఒక కోడికాలు గురించే ఆలోచించాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

ప్రతి ఆదివారం పెద్దమ్మ వచ్చి గంప ఎత్తేది.

"ఎట్లున్నది?"

"కుంటుతున్నది."

"నీ చేతులిరగ! జైల్ల నా కొడుకు ఎట్లున్నడో, ఈడ నువ్వు కోడిని సాదుకుంట కూసున్నవు."

ఆమె పైకి తిట్టేది, నేను మనసులో తిట్టేదాన్ని. మూడు ఆదివారాలు నేను చెప్పింది నిజమే. ఆ తర్వాతి బుధవారం కట్టు విప్పి చూస్తే ఎముక అతుక్కుంది. కోడి లేచి రెండు కాళ్ల మీదా నిలబడి, నేల గీరి, పురుగును ఏరుకు తిన్నది. నేను దాన్ని పట్టుకుని మళ్లీ దబ్బలు పెట్టి, ఈసారి కాలు వంగకుండా బిగించి కట్టాను. కట్టు ఉన్నంతకాలం అది కుంటుతుంది, కుంటినంతకాలం బతుకుతుంది. నాలుగో ఆదివారమూ, ఐదో ఆదివారమూ అడిగితే కుంటుతున్నదనే చెప్పాను.

ఐదో ఆదివారం దాటిన మంగళవారం అన్న బస్సు దిగి, తోటి పిల్లవాడి భుజం పట్టుకుని ఇంటికి వచ్చాడు. దొరికిన నాడే లాఠీ మోకాలి కింద పడిందట. జైల్లో సరైన కట్టు కట్టినవాడు లేడు. ఎముక వంకరగా అతుక్కుంది. అతనిదీ ఎడమకాలే. పెద్దమ్మ కొడుకు కాలు చూసింది, గంప వైపు చూసింది. గంపను తన్ని, కోడిని చంకలో ఇరికించుకుని, కొడవలితో కట్టు తెగ్గోసి వాకిట్లో వదిలింది.

కోడి ఒక్క అడుగు తూలింది. తర్వాత ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా నడిచిపోయింది. వాకిట్లో ఉన్నవాళ్లంతా కోడిని చూసి, నన్ను చూశారు. మంచం మీద కూర్చున్న అన్న ఒక్కడే నవ్వాడు.

"నాకంటె మంచిగ నడుస్తుంది గదనే చెల్లె! నన్ను గూడ జైల్ల గాకుండ నీ గంప కింద ఏస్తె అయిపోతుండె. ఏదీ, నా కాలు జర చూడు."

నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"దాని చెయ్యి నీ మీద వడ్డదంటే నేను బాయిల దుంకుత," అన్నది పెద్దమ్మ.

ఆదివారం దాకా ఆగలేదు. ఆ పూటే గద్దె దగ్గర కోడి నెత్తిన నీళ్లు చల్లితే ఒళ్లు దులిపింది, తల్లి ఒప్పుకున్నదని కోశారు. ఆ కూర అన్న తినలేదు. నేనూ తిననంటే పెద్దమ్మ ముద్ద కలిపి నా నోట్లో కుక్కింది. ఆ తర్వాత చచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

లాఠీ పడ్డనాటికి కోడికాలు బాగానే ఉంది, ఈ లెక్క నాకు తెలుసు. ఆ లాఠీ పట్టినవాణ్ణి మా ఇంట్లో ఒక్కరూ తిట్టలేదు. వాడి ముఖం ఎవరూ చూడలేదు, నా ముఖం రోజూ ఎదురుగా ఉండేది. పోచమ్మకు కోడి అందకపోతే ఎముక వంకరగా అతుకుతుందని నేను నమ్మను. జనగామలో ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. అయినా నేను కట్టు విప్పి మళ్లీ కట్టిన బుధవారానికీ అన్న వచ్చిన మంగళవారానికీ మధ్య పదమూడు రోజులున్నాయి, వాటిని లెక్కపెట్టకుండా ఉండడం నాకు చేతకాలేదు.

ఉద్యమం మళ్లీ వచ్చినప్పుడు అన్న కర్ర పట్టుకుని రోడ్డు మీది వంటావార్పులో కూర్చుంటే, పిల్లలు దండ వేసి ఆ కాలికి మొక్కారు. ఊరికి అది త్యాగమైంది. ఇంట్లో మాత్రం నా పాపంగానే మిగిలింది. రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు పోచమ్మకు దుకాణం నుంచి తెల్లకోళ్లు తెస్తున్నారు. వాటిలో చాలామటుకు సరిగా నిలబడలేనివే. వాటి కాళ్లు ఎవరూ చూడరు.

నేను గోడ వెనక ఉండగానే "ముట్టింది, ముట్టింది" అని కేక వినబడింది. నేను పక్కకు పోయాకే కాకి దిగిందని ఇక వాళ్ల పిల్లలు చెప్పుకుంటారు. చెప్పుకోనీ. అన్నకు చివరి స్నానం పోసిన నాడు, అక్క చూస్తుండగానే, నేను ఆ ఎడమకాలు పట్టుకున్నాను. మోకాలి కింద ఎముక వంకరగా, ఉబ్బెత్తుగా వేళ్లకు తగిలింది. అప్పుడే నా చేతికి అంది ఉంటే రెండు వెదురు దబ్బలతో, ఒక చీర అంచుతో, మూడు వారాల్లో తిన్నగా అతికేది.